బావిగట్టున తోడు

నెల్లూరు జిల్లాకు పడమటి యెల్లగా వెలిగొండలు బారులు తీరి నిలిచియున్నవి. ఆ కొండల చెంత సీతారామపురము కలదు. నెల్లూరు నుండి వచ్చువారు ఆత్మకూరును దాటి, శ్రీకృష్ణదేవరాయలు 1514లో వశపరచుకొనిన ఉదయగిరి దుర్గమును చూచుచు, ఆ పిమ్మట ఈ యూరు చేరుదురు. సమీపమున అడవిలో ఘటిక సిద్ధేశ్వర క్షేత్రము కలదు. ఇది మెట్టసీమ. వాన కురిసిన యేడు పంట, కురియని యేడు వలస. ఇట్టి యూరికి లోకవార్త చేరుటకు ఒకప్పుడు మూడే దారులుండెను: బస్సులో వచ్చు వార్తాపత్రిక, తపాలా వాడు తెచ్చు ఉత్తరము, పంచాయతీ వారి రేడియో. ఆ మూడును ముందు పెద్దల చేతికి వచ్చి, పిదప పిల్లల చెవికి చేరెడివి. పెద్దలు వినదగినది వినిపించిరి. తగనిదానిని తమలోనే దాచుకొనిరి.

నేడు ఆ క్రమము తారుమారైనది. లోకము ముందుగా పిల్లల అరచేతిలోనికి వచ్చుచున్నది. పెద్దలకు తరువాత తెలియుచున్నది, లేదా తెలియకయే పోవుచున్నది. ఈ మార్పు ఒక్కనాటిలో వచ్చినది కాదు. మన దేశమున సామాన్య ప్రజలకు అంతర్జాలము 1995 ఆగస్టు 15వ తేదీన అందుబాటులోనికి వచ్చెను. అప్పుడది నగరములకు మాత్రమే పరిమితము. 2016వ సంవత్సరమున జియో సంస్థ సేవలు ప్రారంభమైన పిదప డేటా వెల మిక్కిలి తగ్గెను. కూలికి పోవువాడును వీడియో చూడగలిగెను. 2020 మార్చిలో కరోనా వ్యాధి కారణముగా బడులు మూతపడగా పాఠములు దూరదర్శన్ సప్తగిరిలోను, సెల్‌ఫోనులోను సాగినవి. అంతవరకు ‘ఫోను ముట్టకుము’ అనిన తండ్రియే ‘ఫోను చూచి పాఠము చదువుము’ అని బిడ్డ చేతికిచ్చెను.

ఎనిమిదవ తరగతి విద్యార్థులకు ఈ కథలో ప్రత్యేక స్థానము కలదు. 2022 డిసెంబరు 21వ తేదీన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన బడులలోని ఎనిమిదవ తరగతి పిల్లలకును, వారి ఉపాధ్యాయులకును ట్యాబులు పంచుటకు ప్రారంభించెను. వాటి సంఖ్య ఐదు లక్షలకు పైబడినది. 2023 డిసెంబరులో ఆ యేటి ఎనిమిదవ తరగతి వారికిని పంచిరి. పాఠములను ముందుగనే అందు నింపి, అనవసరమైన వాటికి తావులేకుండ కట్టుబాట్లు అమర్చితిమని అధికారులు ప్రకటించిరి. ఆ కట్టుబాట్లను తొలగించుకొని కొందరు పిల్లలు ఆటలాడుచున్నారని పత్రికలలో వార్తలు వచ్చినవి. అప్పుడు అనేక గృహములలో తల్లులు ఒకే ప్రశ్న వేసికొనిరి: ‘బిడ్డ చేతిలోని వస్తువేమో మాకు తెలియదు. తెలియని వస్తువు నుండి బిడ్డను కాపాడుట యెట్లు?’

ఈ ప్రశ్న న్యాయమైనది. దానికి సమాధానము చెప్పవలసినవారు ప్రభుత్వము, ఉపాధ్యాయులు, ఫోను కంపెనీలు మాత్రమే కారు. పిల్లలును అని నా అభిప్రాయము. తల్లిదండ్రులకు లోకానుభవము కలదు, యంత్రజ్ఞానము కొరత. పిల్లలకు యంత్రజ్ఞానము కలదు, లోకానుభవము కొరత. ఏ యొక్కరివలనను కావలి సంపూర్ణము కాదు. రెండును కలిసినప్పుడే ఇల్లు సురక్షితమగును. విద్యార్థులారా! మిమ్ము కాపాడుట యెట్లో మీ తల్లిదండ్రులకు నేర్పవలసిన కాలమిది. ఇది వింతగా తోచవచ్చును. కాని ఆలోచించి చూచినచో ఇందు వింత యేమియు లేదు.

ఈ విషయమున లోకమున రెండు మాటలు తరచుగా వినబడును. మొదటిది: ‘ఫోను లాగి బీరువాలో పెట్టి తాళము వేయుడు, సర్వమును చక్కబడును.’ ఈ మాటలో బిడ్డపై ప్రేమ కలదు, కాని పరిష్కారము లేదు. నేడు బడివారి సమాచారము ఫోనులో వచ్చుచున్నది. బ్యాంకు వ్యవహారములు ఫోనుకు వచ్చు సంఖ్యలపై ఆధారపడియున్నవి. ఇంటిలో దానిని చదువగలవాడు పెక్కు చోట్ల బిడ్డయే. అన్నిటికంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. ఉదయగిరి, సీతారామపురము వంటి మెట్ట ప్రాంతముల నుండి తల్లిదండ్రులు పనులకై హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై నగరములకు పోవుదురు. కొందరు సముద్రము దాటి కువైటుకును పోవుదురు. పిల్లలు అవ్వ తాతల యొద్ద పెరుగుదురు. అట్టి బిడ్డకు ఫోను ఆటవస్తువు కాదు. రాత్రి భోజనము వేళ అమ్మ ముఖము కనిపించు అద్దము. దానిని తాళము వేసి యుంచుమని చెప్పుట సులభము. చేయుట ఆ యవ్వకు సాధ్యము కాదు, న్యాయమును కాదు.

రెండవ మాట దీనికి విరుద్ధమైనది: ‘ఈ కాలపు పిల్లలకు అన్నియు తెలియును, మనకేల?’ ఇది ఉదారముగా వినబడును గాని నిజమునకు బాధ్యతను వదలుకొనుటయే. బిడ్డకు తెర తెరచుట తెలియును. తెరకు ఆవల నున్నవాడు ఎవడో తెలియదు. వేగముగా వ్రేలు కదలించుట తెలివి కాదు. ఎద్దులను తోలుట నేర్చిన పదేండ్ల బాలుని రాత్రివేళ అడవిదారిన ఒంటరిగా బండి కట్టి పంపువారు ఎవ్వరును లేరు.

మరి యేమి చేయవలెను? మన పల్లెలలో బావుల విషయమున పెద్దలు చేసినదే చేయవలెను.

మెట్టసీమలో బావి లేనిదే బ్రతుకు లేదు. బావిలో పడి పిల్లలు చనిపోవుటయు క్రొత్త కాదు. ఐనను బావి ప్రమాదకరమని దానిని పూడ్చివేసిన రైతు లేడు. అతడు మూడు పనులు చేసెను. బావి చుట్టు గోడ కట్టించెను. బిడ్డ నడుమునకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి ఈత నేర్పెను. నేర్చువరకు తాను గట్టున నిలుచుండెను. గోడ, ఈత, గట్టున తోడు - ఈ మూటిలో ఏ యొకటి లోపించినను ప్రమాదమే. గోడ మాత్రమే యున్నచో, దానినెక్కి దూకిన నాడు బిడ్డ మునుగును. ఈత మాత్రమే వచ్చినచో, నడుము పట్టిన నాడు చేయి అందించువాడుండడు. అంతర్జాలమునకును ఈ మూడే సూత్రములు చాలును. వాటిని ఒక్కొక్కటిగా పరిశీలింతము.

మొదటిది గోడ. గోడ యనగా చట్టము, కట్టుబాటు. అమెరికా దేశము 1998లో ఒక శాసనము చేసి, పదుమూడేండ్లలోపు పిల్లల వివరములను తల్లిదండ్రుల అనుమతి లేక వెబ్‌సైట్లు సేకరింపరాదని నిర్ణయించెను. అనేక సంస్థలు పదుమూడేండ్లు నిండినవారే ఖాతా తెరువవలెనని చెప్పుటకు మూలమిదియే. ఆస్ట్రేలియా మరింత ముందుకు పోయినది. 2024లో శాసనము చేసి, 2025 డిసెంబరు 10వ తేదీ నుండి పదునారేండ్లలోపు వారికి ప్రధాన సామాజిక మాధ్యమములలో ఖాతాలుండరాదని అమలుపరచెను. మన దేశమున 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము వచ్చెను. దాని ప్రకారము పదునెనిమిదేండ్లు నిండనివారు బాలురు. వారి సమాచారమును గ్రహించుటకు ముందు తల్లి గాని, తండ్రి గాని, సంరక్షకుడు గాని అంగీకరింపవలెను. పిల్లల కదలికలను వెంటాడి గమనించుటయు, వారినే గురిచేసి ప్రకటనలు చూపుటయు ఆ చట్టము నిషేధించినది. దానికి నియమములు 2025 నవంబరులో వెలువడినవి. ముఖ్యమైన బాధ్యతలు అమలునకు వచ్చుటకు పదునెనిమిది మాసముల గడువొసగిరి. డబ్బు పణముగా నాడు ఆన్‌లైను ఆటలను మన రాష్ట్రము 2020లోనే నిషేధింపగా, 2025లో పార్లమెంటు దేశమంతటికి వర్తించునట్లు శాసనము చేసినది.

ఇంటిలో కట్టుకొను గోడయు కలదు. గూగుల్ వారి ఫ్యామిలీ లింక్ అను యాప్ ద్వారా బిడ్డ ఫోనులో ఏ యాప్ దిగవలెను, ఎంతసేపు పనిచేయవలెను అను విషయములను తల్లి తన ఫోను నుండి నిర్ణయింపవచ్చును. వాట్సాప్‌లో తెలిసినవారు మాత్రమే గుంపులలో చేర్చునట్లు అమర్చుకొనవచ్చును. ఆటలలో అపరిచితులతో మాటలాడు వసతిని మూసివేయవచ్చును. ఇవి ఖర్చులేని పనులు. ఒక సాయంకాలమున పూర్తియగును.

అయితే గోడ యెంతవరకు? చట్టము తల్లి అంగీకారమును కోరుచున్నది. తెరపై ‘అంగీకరించుచున్నాను’ అను మీటను నొక్కువాడు ఎవడు? పెక్కు గృహములలో ఆ బిడ్డయే. పుట్టిన సంవత్సరమును నాలుగేండ్లు వెనుకకు నెట్టినచో ఖాతా తెరచుకొనును. తల్లికి చదువురాదు, ఆంగ్లమున నున్న నియమములు చదువు వచ్చినవారికిని అర్థము కావు. కావున కాగితముపై తల్లియే కావలికత్తె, వాస్తవమున కావలి లేదు. ఈ లోపము తల్లిది కాదు. సులభమైన తెలుగులో, చెవికి వినబడునట్లు ఆ నియమములను చెప్పని సంస్థలది. పల్లెలోని తల్లికి అర్థము కాని అంగీకారము అంగీకారమే కాదని నేను గట్టిగా నమ్ముచున్నాను. ప్రభుత్వము ఈ విషయమున సంస్థలను నిర్బంధింపవలెను. అందాక గోడను మాత్రమే నమ్ముకొని కూర్చుండుట తగదు.

రెండవది ఈత. ఈత యనగా అపాయము ఏ రూపమున వచ్చునో తెలిసియుండుట. దొంగ దొంగవలె కనబడడు. అంతర్జాలమున అపరిచితుడు మొట్టమొదట స్నేహితుడుగా వచ్చును. అతడును ఎనిమిదవ తరగతియే యనును. మీకిష్టమైన ఆటయే తనకును ఇష్టమనును. ‘నీవు మిక్కిలి తెలివిగల దానవు, నీ ఇంటివారికి నీ విలువ తెలియదు’ అనును. కొన్నాళ్లకు ‘మన స్నేహము ఎవ్వరికిని చెప్పకుము’ అనును. ఈ చివరి మాటను గుర్తుంచుకొనుడు. మంచి స్నేహమునకు చాటు అక్కరలేదు. పెద్దలకు చెప్పవలదని కోరిన క్షణముననే ఆ స్నేహము అపాయమని తెలిసికొనవలెను. ముఖము చూపించు ఫొటో, బడి పేరు, బడి దుస్తులు, ఊరిపేరు - ఈ నాలుగును కలిసినచో దూరమున నున్నవాడు మీ వీధిని కనుగొనగలడు.

డబ్బు విషయమున అపాయము వేరు. ఆటలో క్రొత్త ఆయుధమునకో, రంగు దుస్తునకో కొంత మొత్తము కట్టుమని తెరపై కనబడును. తండ్రి ఫోనులో బ్యాంకు యాప్ ఉండును. ఓటీపీ అనగా ఒక్కసారి మాత్రమే పనిచేయు తాళపుచెవి. అది పరులకు చెప్పుట యనగా ఇంటి తాళము వీధిలో వేయుట. బ్యాంకువారు గాని, పోలీసువారు గాని ఫోనుచేసి దానిని అడుగరు. ‘బహుమతి వచ్చినది’, ‘స్కాలర్‌షిప్ వచ్చినది’, ‘ఖాతా మూతపడును’ అను మూడు మాటలలో ఒకటి వినబడినచో ఆశయో భయమో పుట్టించి మోసపుచ్చుటకు వచ్చినవాడని గ్రహింపవలెను.

చిత్రముల విషయమున అపాయము మరియు సూక్ష్మమైనది. 2023 నవంబరులో ప్రసిద్ధ చలనచిత్ర నటి రష్మిక మందన్న ముఖమును వేరొక స్త్రీ దృశ్యముపై కృత్రిమ మేధ సహాయమున అతికించి వ్యాపింపజేసిరి. చూచినవారిలో పెక్కురు నిజమనుకొనిరి. ప్రఖ్యాతురాలు గనుక అది అబద్ధమని లోకమునకు వెంటనే తెలిసెను. ఒక పల్లెటూరి బాలికకు అట్లు జరిగినచో ఎవ్వరు చాటుదురు? కావున ‘కన్నులార చూచితిని’ అను మాటకు నేడు పూర్వపు విలువ లేదు. తోటి విద్యార్థిని గూర్చిన అవమానకరమైన చిత్రము మీ ఫోనుకు వచ్చినచో దానిని ఇంకొకరికి పంపకుడు. పంపిన ప్రతి చేయియు ఆ పాపములో పాలుపంచుకొనును. పిల్లల అసభ్య చిత్రములను సేకరించుటయు, ఇతరులకు పంపుటయు సమాచార సాంకేతిక చట్టము ప్రకారము నేరము.

ఇంకొక అపాయము కలదు. దాని వెనుక దుర్మార్గుడెవ్వడును లేడు. మీరు ఏ వీడియోను ఎంతసేపు చూచితిరో యంత్రము లెక్కించును. దేనియొద్ద మీ కన్ను నిలిచెనో అట్టివే మరల మరల ముందు పెట్టును. అది మీకు మేలా కీడా యని అది అడుగదు. మీరు ఇంకను చూతురా లేదా యనునదే దాని లెక్క. వీడియో ముగియగనే అడుగకయే మరియొకటి ప్రారంభమగును. విసరిన రాయి పల్లమునకు దొర్లినట్లు గంట గడచిపోవును. ఈ రహస్యము తెలిసిన బాలుడు తానే ఆపుకొనగలడు. తెలియనివాడు తన సోమరితనమని తలచి కుందును.

మూడవది గట్టున తోడు. నా యభిప్రాయమున మూటిలో మిక్కిలి ముఖ్యమైనది, మన గృహములలో మిక్కిలి తక్కువగా నున్నదియు ఇదియే.

ఒక బాలిక అపరిచితునికి ఫొటో పంపినదనుకొందము. అతడు ఇంకొకటి పంపుమని, లేనిచో ఉన్నదానిని ఊరందరికిని చూపుదునని బెదరించును. ఆమె యెవరికి చెప్పవలెను? ఇంటిలో చెప్పినచో తండ్రి కొట్టును, ఫోను లాగికొనును, బడి మాన్పించును, పెండ్లి చేసివేయుదమను మాటయు వచ్చును. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఆమె మౌనముగా నుండును. బెదరించువాని బలము ఆ ఫొటోలో లేదు. ఈ మౌనములో కలదు. అతడు ఆమె తండ్రి కోపమునే తన ఆయుధముగా చేసికొనుచున్నాడు. ఆలోచింపుడు: బిడ్డను కాపాడుటకై తండ్రి చూపు కోపము శత్రువు చేతిలోని కర్ర యగుచున్నది. ఇంతకంటె విషాదమేమి కలదు?

కావున ప్రతి గృహమునను తల్లిదండ్రులు బిడ్డకు ఒక మాట ఇవ్వవలెను: ‘నీవు తప్పుచేసినను సరే, ముందుగా నాకు చెప్పుము. చెప్పినందుకు నిన్ను కొట్టను, ఫోను లాగికొనను, బడి మాన్పింపను. ముందు ఆపద తీరును. తప్పొప్పులు తరువాత విచారింతము.’ ఈ మాటకు ఖర్చు లేదు, చదువు అక్కరలేదు, ఆంగ్లము అక్కరలేదు. సంతకము రాని తల్లియు ఇవ్వగల రక్షణ యిది. ఏ యాప్ చేయలేని పని ఈ మాట చేయగలదు.

‘ఇట్లు అభయమిచ్చినచో పిల్లలకు భయము పోయి చెడిపోవుదురు’ అని కొందరు పెద్దలు ఆక్షేపింతురు. తప్పునకు దండన వలదని నేననుట లేదు. నిజము చెప్పినందుకు దండన వలదనుచున్నాను. రెండింటికి భేదము కలదు. బావిలో పడిన బిడ్డను మొదట పైకి తీయుదుము. ఎందుకు దిగితివని తరువాత అడుగుదుము. ముందుగా అడుగుచు గట్టున నిలిచినవానిని తండ్రి యనము. మరికొందరు, బిడ్డ ఫోనులోని ప్రతి మాటను చాటుగా చదువవలెనందురు. చిన్నపిల్లల విషయమున పెద్దలు ప్రక్కన కూర్చుండి చూచుట తగును. పదుమూడు, పదునాలుగేండ్ల బిడ్డ విషయమున చాటుగా చూచుట పట్టువడిన నాడు నమ్మకము తెగును. నమ్మకము తెగిన బిడ్డ చెప్పుట మానును. చెప్పి చూచుట మేలు, చాటున చూచుట కీడు.

చట్టమును గూర్చియు మన పల్లెలలో అనవసరమైన భయము కలదు. పోలీసులకు చెప్పినచో పరువు పోవునని దాచుదురు. 2012లో వచ్చిన పోక్సో చట్టము పిల్లల పక్షమున ఎంత జాగరూకత వహించినదో తెలిసినచో ఈ భయము తగ్గును. లైంగిక వేధింపునకు గురియైన బిడ్డ పేరును, చిత్రమును, చిరునామాను పత్రికలు ప్రకటింపరాదు. వాంగ్మూలమును బిడ్డ ఇంటిలోనో, బిడ్డ కోరిన చోటనో తీసికొనవలెను. సాధ్యమైనంతవరకు స్త్రీ అధికారియే తీసికొనవలెను; ఆ సమయమున పోలీసు దుస్తులు ధరింపరాదు. బిడ్డను రాత్రివేళ ఠాణాలో ఉంచరాదు. చట్టము దృష్టిలో బెదరింపబడిన బిడ్డ నేరస్థురాలు కాదు.

రెండు సంఖ్యలను ప్రతి ఇంటి గోడపై వ్రాసి యుంచవలెను. 1098 పిల్లల సహాయమునకు. రాత్రింబవళ్లు పనిచేయును, పిల్లలే స్వయముగా ఉచితముగా పిలువవచ్చును. 1930 సైబర్ మోసములకు. డబ్బు పోయిన వెంటనే పిలిచినచో ఆ మొత్తము చేతులు మారకముందే ఆపుటకు అవకాశము కలదు. జాతీయ సైబర్ నేర ఫిర్యాదు పోర్టల్‌లోను ఫిర్యాదు నమోదు చేయవచ్చును. ఆపద వచ్చినప్పుడు తొందరపడి సందేశములను చెరిపివేయరాదు, అవి సాక్ష్యములు. బెదరించువానికి డబ్బు పంపరాదు; ఒకసారి ఇచ్చిన వానిని మరల అడుగుదురు.

తల్లిదండ్రులు దూరమున నున్న పిల్లల మాటయేమి? బెంగుళూరులో భవనపు పనిలో నున్న తండ్రి గట్టున నిలువలేడు. ఆ బిడ్డకు తోడు ఎవరో ముందుగనే నిర్ణయింపవలెను. పిన్నమ్మ కావచ్చును, మేనమామ కావచ్చును, బడిలోని పంతులమ్మ కావచ్చును. ‘ఏ కష్టము వచ్చినను ఈమెకు చెప్పుము’ అని తండ్రి బిడ్డతోను, ఆమెతోను మాటలాడి నిశ్చయింపవలెను. ప్రతిరాత్రి వీడియో కాలులో ‘అన్నము తింటివా, బడికి పోయితివా’ అను రెండు ప్రశ్నల సరసన ‘నేడు ఫోనులో ఏమి చూచితివి, ఎవరైన క్రొత్తవారు పలుకరించిరా’ అను మూడవ ప్రశ్నను చేర్చవలెను. కోపము లేకుండ ప్రతిదినము అడిగిన ప్రశ్నకు బిడ్డ ఒకనాటికి నిజమైన సమాధానము చెప్పును.

ఇక మీ కర్తవ్యము, విద్యార్థులారా! ఒక ఆదివారము సాయంకాలము గంటసేపు మీరు గురువులు కండు. అమ్మను, నాయనను, అవ్వను చుట్టును కూర్చుండబెట్టుకొనుడు. ఫోనునకు తాళము ఎట్లు వేయవలెనో చూపుడు. ఓటీపీ యనగానేమో మన మాటలలో చెప్పుడు. మీరు ఆడు ఆటను వారి యెదుట ఆడి, అందు అపరిచితులు ఎట్లు మాటలాడుదురో చూపుడు. వాట్సాప్‌లో వచ్చిన వార్త నిజమో కాదో తెలిసికొనకుండ ఇతరులకు పంపవలదని చెప్పుడు. వారు ఒకసారికి గ్రహింపకపోవచ్చును, విసుగుకొనకుడు. మీకు ‘అ ఆ’లు దిద్దించుటకు వారెన్ని దినములు పలక పట్టుకొని కూర్చుండిరో తలచుకొనుడు. కడపట వారిని ఒకటి యడుగుడు: ‘నాకు ఆపద వచ్చి చెప్పినచో కోపింపనని మాట యిచ్చెదరా?’ ఆ మాట పుచ్చుకొనుటయే మీ పాఠమునకు గురుదక్షిణ.

తల్లిదండ్రులకును ఒక విన్నపము. బిడ్డను ఫోను వదలుమని చెప్పు తండ్రి అన్నము తినుచు ఫోను చూచినచో ఆ మాట నిలువదు. కంచె చేను మేసినట్లగును. భోజనము వేళను, నిద్రకు ముందు గంటను ఇల్లంతయు ఫోనులను ఒక గూటిలో పెట్టు నియమము పెద్దలతోనే ప్రారంభము కావలెను. పిల్లలు చెప్పినదానికంటె చూచినదానిని త్వరగా నేర్తురు.

అంతర్జాలము చెడ్డది కాదు. సీతారామపురములో కూర్చున్న బాలిక లోకమందలి గొప్ప గ్రంథాలయములను, నక్షత్రమండలముల చిత్రములను, తన తరగతికి మించిన గణిత పాఠములను ఉచితముగా పొందుట మన పెద్దలు కలలోనైనను ఊహింపని భాగ్యము. దాహము తీర్చు నీరే లోతున ముంచును. అందుచేత నీటిని వదలుకొందుమా? గోడ కట్టుదము, ఈత నేర్తము, ఒకరికొకరము గట్టున నిలుతము. ఈ మూటిలో మొదటిదానిని ప్రభుత్వము సగము కట్టినది. రెండవది బడి నేర్పగలదు. మూడవది మాత్రము ఇంటిలోనే పుట్టవలెను. దానికై ఎవరి శాసనమును అక్కరలేదు. నేటి రాత్రియే ఆ మాట అడుగవచ్చును.